ఏనుగుల కాపలా ఊరోళ్ళకే జీతమిచ్చి అప్పజెప్పాలా, కుంకీ ఏనుగులూ కంచెలూ ఉంటే చాలా? పలమనేరు, కుప్పం, చంద్రగిరి పక్క వాళ్ళు చెప్పండి

మొగిలిఘాట్ రైతు:
అందరికీ నమస్తే. ఒక విషయం మీద మన చిత్తూరు, తిరుపతి జిల్లాల వాళ్ళ మాట వినాలని పెడతా ఉండా. మాది కౌండిన్య అడవి అంచులో ఊరు. ఏనుగులు మన పక్కకి వచ్చి నలభై ఏండ్లు అయింది. 1980ల్లో తమిళనాడు, కర్ణాటక అడవుల్లోంచి గుంపులుగా వచ్చి ఇక్కడే నిలబడినాయి, 1990లో కౌండిన్యని అభయారణ్యం చేసినారు. అప్పట్నించి కందకాలు తవ్వినారు, సోలార్ కంచె వేసినారు, ననియాల క్యాంపులో రెండు కుంకీలని, అంటే అడవి ఏనుగుల్ని తరమడానికి మచ్చిక చేసిన ఏనుగుల్ని, పెట్టినారు, 2025 మేలో కర్ణాటక నుంచి ఇంకో నాలుగు కుంకీలని తెచ్చి ముసలిమడుగు దగ్గర క్యాంపు కట్టినారు. ఇవన్నీ చేసినందుకు సంతోషమే, నేను కాదనను. కానీ ఇన్నేండ్లల్లో ఊర్లో మనిషిని కూర్చోబెట్టి నువ్వేమంటావు, ఏం చేస్తే నీకు ఈ బాధ తగ్గుతుంది అని అడిగింది మాత్రం నేను చూడలేదు.

నేననేది ఏమంటే, అడవి అంచున ఉండే ప్రతి ఊర్లో కొంతమంది ఊరోళ్ళనే ఏడాది పొడుగునా జీతానికి కాపలాకి పెట్టుకోవాల, సీజన్‌లో రెండు నెలల కూలికి కాదు. కంచె బాగుచేసే డబ్బు ఆ ఊరి కమిటీ చేతిలో ఉండాల. పంట పోతే ఎన్నిరోజుల్లో పరిహారం ఇస్తారో కాగితం మీద రాసుండాల. ఇప్పుడు జరిగేది ఏందంటే రైతు రాత్రంతా మంచె మీద టార్చిలైట్ పట్టుకుని కూర్చుంటాడు, టపాకాయలు వాడి డబ్బుతోనే కొంటాడు, పొద్దన్నే మళ్ళీ కయ్యలో దిగుతాడు. అది ప్రభుత్వం చెయ్యాల్సిన పని, మా చేత ఊరికే చేయించుకుంటా ఉండారు. దీనికి ఒప్పుకునేవాళ్ళూ ఒప్పుకోనివాళ్ళూ ఇద్దరూ చెప్పండి.

బైరెడ్డిపల్లె మామిడితోట:
అన్నా మీరు మంచి మనసుతోనే అడుగుతా ఉండారు కానీ నేను ఒప్పుకోను. కాపలా మాకెందుకు? ఏనుగులు ప్రభుత్వానివి అని చట్టం చెప్తుంది కదా, చంపితే జైలు, తరిమితే కేసు, మరి ప్రభుత్వం ఏనుగు నా తోటలోకి వస్తే దాన్ని పట్టుకుపోవాల్సిన బాధ్యత ప్రభుత్వానిది. 2025లో తోతాపురి మామిడి ధర పడిపోయి కిలోకి 4 రూపాయలు సర్కారే కలిపి ఇస్తానన్న ఏడాది మీకు గుర్తుండే ఉంటుంది, ఆ ఏడాదే మా తోటలో పదేండ్ల చెట్లు విరిగిపోయినాయి. కాయ పోతే ఒక ఏడాది పోయినట్టు, కొమ్మ మొదటికి విరిగితే మళ్ళీ కాపుకి రావడానికి ఎన్నేండ్లు పడుతుందో మామిడి వేసినోళ్ళకి తెలుసు. పరిహారం లెక్కలో ఆ ఏండ్లు ఎవరూ వెయ్యరు. నాకు కమిటీ వద్దు జీతమూ వద్దు, ఏనుగుల్ని వచ్చిన దోవనే వెనక్కి పంపండి చాలు.

ఎస్వీయూ జువాలజీ:
అన్నా నేను తిరుపతిలో చదువుకుంటున్నా, మా అమ్మమ్మ వాళ్ళది కుప్పం పక్క. మీ బాధ నాకు తెలుసు కానీ వెనక్కి పంపండి అనే మాట దగ్గర ఒక్క నిమిషం ఆగండి. కౌండిన్య మ్యాప్ చూస్తే పొడుగ్గా సన్నగా ఉంటుంది, ఒక పక్క తమిళనాడు, ఇంకో పక్క కర్ణాటక. ఒక పెద్ద ఏనుగుకి రోజుకి సుమారు 150 కిలోల మేత కావాలి, వంద లీటర్ల పైన నీళ్ళు కావాలి. అంత సన్నటి అడవిలో, అందులోనూ ఎండిపోయే అడవిలో, ఎండాకాలం ఆ మేత ఎక్కడ దొరుకుతుంది? పైగా లోపల లాంటానా కంప పెరిగి గడ్డి రాకుండా చేస్తోంది. అడవి దాటగానే చెరుకు, అరటి, వరి, రాగి. ఎటు తరిమినా రెండు మూడు కిలోమీటర్లలో ఇంకో ఊరు తగులుతుంది. మీ తోటలోంచి తరిమితే అది పక్కూరి తోటలోకి పోతుంది, వాళ్ళు మళ్ళీ మీ వైపే తరుముతారు. ఇలా రాత్రంతా అటూ ఇటూ తరిమించుకున్న ఏనుగే మనుషుల మీదకి వస్తుంది.

తమిళనాడులో వాల్పారై అని టీ తోటల ఊరు ఉంది. అక్కడ ఏనుగులు ఎక్కడున్నాయో చూసి సాయంత్రానికే అందరి ఫోన్లకీ మెసేజ్ పోతుంది, ముఖ్యమైన చోట్ల ఎర్ర లైట్లు పెట్టారు, ఏనుగు దగ్గర్లో ఉంటే ఆ ఊరి మనిషే ఫోన్‌తో ఆ లైటు వెలిగిస్తాడు. చీకట్లో ఎదురుపడి చనిపోయేవాళ్ళు బాగా తగ్గారు. అక్కడ ఏనుగుల్ని ఎక్కడికీ పంపించలేదు, ఊరోళ్ళకి ముందే తెలిసేటట్టు చేశారు అంతే. మొగిలిఘాట్ అన్న చెప్పేది ఆ దారిలోనే ఉంది అనిపిస్తోంది.

బైరెడ్డిపల్లె మామిడితోట:
తమ్ముడూ టీ ఆకుని ఏనుగు తినదు. లైటు వెలిగితే మనిషి ఇంట్లో కూర్చుంటాడు, ప్రాణం దక్కుతుంది, చానా మంచిది. నా మామిడి చెట్టు ఇంట్లోకి వచ్చి కూర్చోదు కదా. ప్రాణం మాట వేరు పంట మాట వేరు, రెండూ కలిపి మాట్లాడితే రైతుకి ఎప్పుడూ అన్యాయమే జరుగుతుంది.

పాత వీఎస్ఎస్ మెంబరు:
నేను కొంచెం పెద్దవాణ్ణి, ఈ కమిటీల సంగతి మొదట్నించీ చూసినవాణ్ణి కాబట్టి రాస్తున్నా. ఊరోళ్ళతో అడవిని కాపాడించే వన సంరక్షణ సమితులు, అంటే వీఎస్ఎస్‌లు, మన రాష్ట్రంలో 1992 నుంచి ఉన్నాయి బాబూ, కొత్త ఆలోచనేం కాదు ఇది. 2002లో వరల్డ్ బ్యాంకు డబ్బుతో కమ్యూనిటీ ఫారెస్ట్ మేనేజ్‌మెంట్ అని ఇంకా పెద్దగా మొదలైంది. మొక్కలు నాటాం, చెక్‌డ్యాములు కట్టాం, నిప్పు పడితే అర్ధరాత్రి పరిగెత్తి ఆర్పినాం. ప్రాజెక్టు నడిచినన్ని రోజులూ మీటింగులు జరిగినాయి, కూలి వచ్చింది. డబ్బు ఆగిపోయాక చాలా ఊర్లల్లో సమితి అనేది రిజిస్టర్లో పేరుగా మిగిలింది. ఇంకోటి కూడా చెప్పాలి, చైర్మన్ పదవి ఏ పార్టీ గెలిస్తే ఆ పార్టీ మనిషికి పోయేది, అడవిలో కాలు పెట్టనివాడు సంతకం పెట్టేవాడు. మొగిలిఘాట్ రైతు అడిగేది న్యాయమే కానీ డబ్బు ఊరి కమిటీ చేతికి ఇవ్వండి అనే ముందు, ఆ కమిటీలో ఎవరు కూర్చుంటారో, లెక్క ఎవరికి చెప్తారో అది కూడా అడగాలి.

నిలబడినవి లేవని కాదు. తలకోన చూడండి, ఎర్రావారిపాళెం మండలం నేరబైలు దగ్గర, జలపాతానికి వచ్చే జనం మీద వచ్చే ఆదాయంలో అక్కడి సమితికి పని దొరికింది, గైడ్లు, వంట, శుభ్రం చెయ్యడం అన్నీ ఊరోళ్ళే. ఎందుకు నిలబడిందంటే పైనుంచి ప్రాజెక్టు డబ్బు ఆగిపోయినా వాళ్ళకి రోజూ ఏదో ఒకటి వస్తా ఉంటుంది. కౌండిన్య పక్క ఊర్లకి అట్లాంటి ఆదాయం ఏముంది? కైగల్ జలపాతం ఒకటి ఉంది, వానాకాలం తప్ప నీళ్ళు అంతంతమాత్రం. ఏనుగుని చూపించి టికెట్టు పెడదామంటే నేను గట్టిగా వద్దంటాను, జీపుల్లో వెంటపడి ఫొటోలు తీస్తే అది ఇంకా రెచ్చిపోతుంది.

నేలపట్టు అమ్మాయి:
మాది సూళ్ళూరుపేట పక్క, ఇప్పుడు తిరుపతి జిల్లాలోనే ఉన్నాం కాబట్టి నేనూ మాట్లాడొచ్చు అనుకుంటున్నా. మా నేలపట్టు చెరువులో నీటికడప చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కడతాయి, అక్టోబరు నుంచి వస్తాయి, మార్చి దాకా ఉంటాయి. పక్షులొస్తే పంట బాగుంటుంది అని మా పెద్దవాళ్ళ నమ్మకం, పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్ళు పొలానికి ఎరువే కదా మరి. చిన్నప్పట్నించీ చెట్టు మీద రాయి వేస్తే ఇంట్లో దెబ్బలు పడేవి. ఏ కాగితమూ లేకుండానే ఊరు కాపాడింది. ఊరోళ్ళకి జంతువు మీద ప్రేమ లేదు, చట్టం భయం పెడితేనే కాపాడతారు అనుకునేవాళ్ళు మా పక్కకి వచ్చి చూడాలి. కాబట్టి నేను మొగిలిఘాట్ అన్న వైపు.

బైరెడ్డిపల్లె మామిడితోట:
గూడబాతు నీ చేలో అడుగు పెట్టదమ్మా, ఎరువు ఇచ్చి పోతుంది. నీ పక్షి నీకు ఇస్తుంది, నా ఏనుగు నా దగ్గర తీసుకుంటుంది. మేము ఏనుగుని వినాయకుడు అని దండం పెట్టేవాళ్ళమే, ఇప్పటికీ మా అమ్మ కయ్యలో అడుగులు కనిపిస్తే ముందు చెయ్యెత్తి మొక్కుతుంది, తర్వాత ఏడుస్తుంది. ప్రేమ లేక కాదు.

మొగిలిఘాట్ రైతు:
మామిడితోట అన్నా, మీరు చెప్పిన దాంట్లోనే నా మాట ఉంది చూడండి. నేలపట్టులో ఊరికి లాభం ఉంది కాబట్టి కాపలా దానంతటదే నడిచింది. మన దగ్గర నష్టం ఊరిది, ఏనుగు బతికిందన్న పేరు రాష్ట్రానిది. ఆ నష్టాన్ని రాష్ట్రం కూడా పంచుకుంటేనే మాట్లాడుకోవడానికి ఏమైనా ఉంటుంది. నేను ప్రేమ గురించి మాట్లాడట్లేదు, లెక్క గురించి మాట్లాడతా ఉండా.

మనిషి చనిపోతే ఇచ్చేది కేంద్రం 2023 చివర్లో 5 లక్షల నుంచి 10 లక్షలకి పెంచింది. మంచిదే. కానీ పంట సంగతి? మా వాళ్ళల్లో ఒకాయనకి వరి తొక్కేసినాయి, ఫొటోలు, అడంగల్, పాస్‌బుక్, వీఆర్వో సంతకం, వ్యవసాయం వాళ్ళ సంతకం, అన్నీ తిరిగి తెచ్చేసరికి తర్వాతి పంట కోతకొచ్చింది, ఇంక ఆఫీసు చుట్టూ తిరగలేక వదిలేసినాడు. కౌలు రైతు అయితే పాస్‌బుక్కే ఉండదు, వాడికి సున్నా. పక్కన కరెంటు తీగ కనిపిస్తా ఉంటుంది, అప్పుడు మనిషికి ఏం ఆలోచన వస్తుందో మనందరికీ తెలుసు. పందుల కోసం అని పెట్టిన తీగకి ఏనుగు పడిపోయిందని మన జిల్లాలో ఎన్నిసార్లు విన్నాం. దాన్ని నేను తప్పనే అంటాను, ఆ తీగకి మనుషులు కూడా పోయినారు. కానీ కేసులు పెట్టి ఆపలేరు దాన్ని, పదిహేను రోజుల్లో డబ్బు ఖాతాలో పడితే ఆగుతుంది.

బెంగళూరు చిత్తూరోడు:
సార్ ఇప్పుడు టెక్నాలజీ చాలా వచ్చేసింది. ఏనుగులకి రేడియో కాలర్ వేస్తే ఎక్కడుందో ఫోన్‌లో కనిపిస్తుంది, థర్మల్ డ్రోన్ రాత్రిపూట కూడా పట్టుకుంటుంది, కెమెరాలు ఏనుగుని గుర్తుపట్టి సైరన్ మోగిస్తాయి. వీటి మీద ఖర్చు పెడితే ఊర్లో ఇంతమందికి జీతాలు ఇవ్వాల్సిన అవసరం ఉండదు కదా, ఇంకా కమిటీ రాజకీయాలు కూడా ఉండవు.

శేషాచలం వాచర్ తమ్ముడు:
అన్నా కెమెరా బ్యాటరీ ఎవరు మారుస్తారు? మా అన్న ఎర్రచందనం బేస్ క్యాంపులో వాచర్‌గా చేస్తాడు కాబట్టి చెప్తున్నా. వారాల తరబడి కొండ మీదే ఉంటారు, బియ్యం మోసుకుని పోవాల, చానా చోట్ల సిగ్నల్ ఉండదు, వాన పడితే వాగు దాటలేరు. డ్రోన్ ఎగిరేది కొంతసేపే, ఆ తర్వాత మనిషే నడవాల. వాచర్ అంటే కర్ర పట్టుకున్న మనిషి, దుంగలు మోసేవాళ్ళు వస్తే గొడ్డళ్ళతో వస్తారు. 2013 డిసెంబరులో శేషాచలంలో ఇద్దరు ఫారెస్ట్ ఆఫీసర్లని కొట్టి చంపినారు. 2015 ఏప్రిల్ 7న ఇరవైమంది తమిళనాడు కూలీలు పోలీసు కాల్పుల్లో పోయినారు. ఆ కూలీలూ కొండ పక్క ఊర్ల పేదోళ్ళే, దుంగ అమ్ముకున్నవాడు మాత్రం ఎప్పుడూ కొండ ఎక్కలేదు. తుపాకీతో అడవి కాపాడుదామంటే రెండు పక్కలా పేదోడే చస్తాడు అని నేను అనుకుంటా.

ఎర్రచందనం ప్రపంచంలో మన శేషాచలం, వెలిగొండ, నల్లమల ఈ కొండల్లోనే సహజంగా పెరుగుతుంది. పట్టుకున్న దుంగల వేలంలో కోట్లు వస్తాయి. జీవవైవిధ్య చట్టం కింద ఆ లాభంలో కొంత వాటా వెనక్కి రావాల. 2025లో జాతీయ జీవవైవిధ్య సంస్థ ఎర్రచందనం సాగు చేసిన 198 మంది రైతులకీ, ఆంధ్రా యూనివర్సిటీకీ కలిపి 3 కోట్లు ఇచ్చింది, చిత్తూరు, తిరుపతి, కడప, నెల్లూరు రైతులు అందులో ఉన్నారు. అది మంచి పని, ఎవరైనా మెచ్చుకోవాల్సిందే. కానీ సొంత పొలంలో ఎర్రచందనం వేసుకోగలిగినవాడికి పొలం ఉంది. కొండకింద ఉండే యానాది గిరిజనులకి పొలం లేదు, అడవిలో ఏ చెట్టు ఎక్కడుందో ఏ దోవ ఎటు పోతుందో వాళ్ళకి తెలిసినంత ఇంకెవరికీ తెలీదు, వాళ్ళకి రోజుకూలి వాచర్ పనే పెద్ద వరం, అదీ నెలనెలా సరిగ్గా పడదు. భాగస్వామ్యం అంటే ముందు ఆ జీతం టైముకి వెయ్యండి, మిగతాది తర్వాత మాట్లాడదాం.

రామకుప్పం పాడిరైతు:
అన్నలందరూ మాట్లాడతా ఉండారు, ఒక ఆడమనిషి మాట కూడా వినండి. అడవికి రోజూ పోయేది మేము. కట్టెలకి పోతాం, సీతాపళ్ళకి, ఉసిరిక్కాయలకి, కానగ కాయలకి పోతాం, ఆవులకి గడ్డి లేనప్పుడు పోతాం. ఏనుగు ఏ పక్కన పడుకుందో, ఏ కుంటలో నీళ్ళు తాగిందో పేడ చూసి చెప్తాం. కానీ కమిటీ అంటే టీ తాగే మగోళ్ళే, మమ్మల్ని సంతకాల రోజు పిలుస్తారు. నియమంలో ఆడోళ్ళు ఉండాలని ఉంటుంది, పేరు భార్యది, కూర్చునేది మొగుడు. మొగిలిఘాట్ అన్న చెప్పే కాపలా జీతాల్లో ఆడవాళ్ళకి వాటా ఉండాల, పగటి పూట అడుగులు చూసి సాయంత్రానికి చెప్పే పని మేము బాగా చేస్తాం.

ఇంకోటి. అడవిలోకి రావద్దు జీవాలు మేపొద్దు అని ఒకరోజు ఆపేస్తారు, మళ్ళీ అడవికి నిప్పు పడితే మమ్మల్నే పిలుస్తారు. లాంటానా కంప కొట్టే పని మాకు ఇస్తే కూలీ వస్తుంది, గడ్డి మొలుస్తుంది, ఏనుగుకీ మా ఆవుకీ కడుపు నిండుతుంది. అంత సులువైన పని ఎందుకు మొదలు పెట్టరో నాకు అర్థం కాదు.

ఎస్వీయూ జువాలజీ:
అక్కా మీరు చెప్పిన కంప సంగతి చాలా ముఖ్యం. ఒక్కసారి కొడితే మళ్ళీ వస్తుంది, వేరుతో పీకి రెండు మూడేళ్ళు వరసగా చూసుకోవాలి, అది ఊర్లో ఉండేవాళ్ళే చేయగలరు. అభయారణ్యం లోపల కాబట్టి అనుమతులు కావాలి, కానీ దాని నిర్వహణ ప్రణాళికలో పెట్టించుకోవచ్చు.

చట్టం సంగతి కూడా రాస్తా, మీకు పనికొస్తుంది. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 5లో గ్రామసభకి అడవినీ వన్యప్రాణుల్నీ కాపాడే అధికారం ఉంది. కాకపోతే గిరిజనులు కాని కుటుంబాలు ఆ హక్కు అడగాలంటే మూడు తరాలు, అంటే 75 ఏళ్ళు అక్కడే ఉండి అడవి మీద బతికినట్టు చూపించాలి, అది కష్టం. మన జిల్లాలో యానాది కుటుంబాలు ఉన్న ఊర్లు ముందు అడిగితే మిగతావాళ్ళు వాళ్ళతో కలవొచ్చు. ఇది కాక ప్రతి పంచాయితీలో జీవవైవిధ్య కమిటీ ఉండాలని 2002 చట్టంలో ఉంది. మీ పంచాయితీలో ఉందో లేదో సెక్రటరీని అడగండి, ఉంటే అందులో ఎవరున్నారో కూడా అడగండి.

నేపాల్‌లో చిత్వన్ లాంటి పార్కుల ఆదాయంలో 30 నుంచి 50 శాతం చుట్టుపక్కల ఊర్లకి ఇవ్వాలని చట్టంలోనే పెట్టుకున్నారు. మనకి అలాంటి గట్టి లెక్క ఏదీ లేదు. కౌండిన్యకి టికెట్ ఆదాయం లేదు నిజమే, కానీ అడవి మీదుగా పోయే రోడ్లూ కరెంటు లైన్లూ ఉన్నాయి. 2023 జూన్‌లో పలమనేరు దగ్గర భూతలబండ వద్ద రోడ్డు దాటుతున్న మూడు ఏనుగుల్ని బండి గుద్దింది, మూడూ చనిపోయాయి. ఆ రోడ్డు మీద వచ్చే డబ్బులో అడవి పక్క ఊరికి పైసా కూడా వాటా ఎందుకు లేదు అని నేను అడుగుతా.

పాత వీఎస్ఎస్ మెంబరు:
రోడ్డు మాట బాగుంది. ఇంకో మాట, కందకాల్లో రాతి నేల వచ్చిన చోట, వాగు వచ్చిన చోట తవ్వకుండా వదిలేస్తారు, ఏనుగు సరిగ్గా అక్కడ్నించే వస్తుంది. సోలార్ కంచె అయితే తీగకి గడ్డి తగిలితే కరెంటు దిగిపోతుంది, నెలకొకసారి కొయ్యాలి. ఎండు చెట్టుని తోసి తీగ మీద పడేసి దాటేస్తాయి అవి. కాబట్టి కంచె వేసిన రోజుతో పని అయిపోదు, రోజూ దాని పక్కన నడిచే మనిషి కావాలి. ఆ మనిషి ఆ ఊరివాడే అయితే, కంచె వెనకాల వాడి పొలమే ఉంటే, వాడు తప్పకుండా చూస్తాడు. ఏనుగులు భయపడి రాకుండా తేనెటీగల పెట్టెలు తీగకి కట్టే పద్ధతి ఖాదీ సంస్థ 2021లో కర్ణాటక కొడగులో మొదలుపెట్టింది, అదీ అంతే, పెట్టెలు చూసుకునే మనిషి లేకపోతే ఈగలు వెళ్ళిపోతాయి.

బైరెడ్డిపల్లె మామిడితోట:
అందరూ చదువుకున్న మాటలు చెప్తా ఉండారు, గౌరవంగానే వింటా ఉండా. నేను వెనక్కి పంపమని అడగడం మానను. ఒంటరిగా తిరిగి మనుషుల మీదకి వచ్చే ఏనుగుని అయినా పట్టుకోవాల్సిందే, దానికి కుంకీలే కావాల, ఏ కమిటీ వల్లా కాదు. 2025 జనవరిలో చంద్రగిరి మండలంలో ఏనుగులు ఒకాయన్ని తొక్కి చంపినాయి, మీ రామకుప్పం అక్క అడుగులు చూసి చెప్పినా ఆయన ప్రాణం దక్కేదని ఎవరు చెప్పగలరు? కమిటీ పెట్టుకోండి, నేను అడ్డం పడను. కానీ ముందు చెట్టుకి చెట్టు లెక్కన డబ్బు రావాల, ఎన్నేండ్ల చెట్టో దాన్నిబట్టి, కౌలు రైతుకి కూడా. అది అయినాకే నేను మీటింగుకి వస్తా. రాకముందే సంతకం పెట్టమంటే పెట్టను.

మొగిలిఘాట్ రైతు:
అన్నా మీరు సంతకం పెట్టకుండానే మీ షరతు అర్జీలో మొదటి లైనుగా రాస్తా, అది నా మాట కూడా. వచ్చే గ్రామసభకి అర్జీ రాస్తా ఉండా. మామిడి చెట్టు వయసుని బట్టి లెక్క, కౌలు రైతుకి పాస్‌బుక్ లేకుండా పొలం పక్క రైతుల సాక్ష్యంతో పరిహారం, కాపలా జీతం ప్రతి నెలా ఐదో తారీఖు లోపల, సగం మంది ఆడవాళ్ళు, కమిటీ లెక్క ప్రతి మూడు నెలలకి పంచాయితీ గోడ మీద అంటించాల, లాంటానా కొట్టే పని ఉపాధి హామీలో. ఒక్క దగ్గర నాకు తేలలేదు. ఏనుగు ఊర్లోకి వస్తే ఇప్పుడు తరమాలా, కాసేపు వదిలేసి తెల్లారి అదే పోయేదాకా చూడాలా అని చెప్పేది ఎవరు? నేను ఊరి కమిటీకే ఆ అధికారం ఇవ్వాలంటా, ఆ రాత్రి అక్కడ ఉండేది మేమే కాబట్టి.

శేషాచలం వాచర్ తమ్ముడు:
అది మాత్రం వద్దన్నా. రాత్రి పదిగంటలకి వందమంది గుమిగూడి, అందులో తాగినవాళ్ళు నలుగురు, పంట పోయిన కోపంలో ఉన్నవాళ్ళు పదిమంది, అప్పుడు తరుముదాం అనే మాటే గెలుస్తుంది. తరిమినప్పుడే మనిషి పోతాడు. ఆ మాట చెప్పాల్సింది నేర్చుకున్న ట్రాకర్, డిపార్ట్‌మెంట్ మనిషి. ఊరోడైనా సరే, ట్రైనింగ్ అయినవాడు, ఒక్కడే చెప్పాల.

రామకుప్పం పాడిరైతు:
ట్రాకర్ రావడానికి రెండు గంటలు పడితే? అప్పటిదాకా మా ఆవుల కొట్టం ముందు నిలబడేది ఎవరు? ఊరికి ఇద్దరు ట్రాకర్లని ఊరోళ్ళల్లోంచే తయారు చెయ్యమని రాయండి అన్నా, అందులో ఒకరు ఆడమనిషి. మీటింగ్ ఏ రోజో చెప్తే మా పక్క నుంచి వస్తాం.